జట్టు ఊరిది... పద్దు యజమానిది!

బేస్‌బాల్ మ్యాచ్‌లు వసంతంలో మొదలై శరదృతువులో ముగుస్తాయి. ఆ తర్వాతే అసలు వాదన మొదలవుతుంది. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎంత ఖర్చు పెట్టాలి అని ఊరు ఊరంతా లెక్కలు వేస్తుంది. అమెరికాలో ఈ వాదన అన్నిటికంటే వేడిగా సాగే ఊళ్లలో పిట్స్‌బర్గ్ ఒకటి.

2025 ఏప్రిల్ 4. పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు ఆ సీజన్లో సొంతగడ్డ మీద తొలి మ్యాచ్. ఎదుటి జట్టు న్యూయార్క్ యాంకీస్. అలెగెనీ నది ఒడ్డున ఉన్న పీఎన్‌సీ పార్క్ మీదుగా ఓ చిన్న విమానం ఎగిరింది. దాని తోకకు కట్టిన బ్యానర్ మీద ‘జట్టును అమ్మెయ్’ అని రాసి ఉంది. కింద స్టాండ్స్‌లోనూ అదే నినాదం. అది యజమాని బాబ్ నటింగ్‌ను ఉద్దేశించిన నినాదం. ఆ రోజు యాంకీస్ 9-4తో గెలిచారు. అయినా మర్నాడు ఊళ్లో స్కోరు గురించి మాట్లాడుకున్నవాళ్ల కంటే ఆ నినాదం గురించి మాట్లాడుకున్నవాళ్లే ఎక్కువ.

ఆ కోపం ఒక్క మ్యాచ్‌తో వచ్చింది కాదు. 1979 తర్వాత పైరేట్స్ మళ్లీ బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలవలేదు. 2015 తర్వాత 2025 దాకా ఒక్కసారీ ప్లేఆఫ్స్ చేరలేదు. ప్రతి చలికాలం ‘ఈసారైనా ఖర్చు పెడతారా?’ అని ఎదురుచూడటం, ఫిబ్రవరి కల్లా నిట్టూర్చడం అభిమానులకు అలవాటైపోయింది. చిన్న ఊరు కాబట్టి ఇంతేనా, యజమాని పిసినారితనమా, లేక జట్టును నడిపేవాళ్ల తెలివితక్కువా? పిట్స్‌బర్గ్ అభిమానులు ఈ మూడు వర్గాలుగా చీలిపోయి ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు.

తెలుగువాళ్లకు పిట్స్‌బర్గ్ అంటే ముందు గుర్తొచ్చేది తూర్పు శివారు పెన్ హిల్స్‌లో కొండవాలు మీద వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయం. 1970లలో కట్టిన ఈ గుడి, అమెరికాలోని తొలి పెద్ద హిందూ దేవాలయాల్లో ఒకటి. ఉక్కు కర్మాగారాలతో వెలిగిన ఈ నగరంలో 1950లో ఆరున్నర లక్షలకు పైగా జనం ఉండేవారు. మిల్లులు మూతపడ్డాక ఆ సంఖ్య సగానికి పైగా పడిపోయి ఇప్పుడు మూడు లక్షల దగ్గర ఉంది. శివార్లు కలుపుకొంటే 24 లక్షలు. లాస్ ఏంజెలెస్, దాని శివార్లు కలిపి కోటీ పాతిక లక్షల పైమాటే. మైదానంలో మాత్రం ఈ రెండు ఊళ్ల జట్లూ ఒకే లీగ్‌లో, ఒకే కప్పు కోసం పోటీ పడాలి.

గీత లేని ఆట

ఐపీఎల్ చూసేవాళ్లకు వేలం లెక్క తెలిసిందే. 2025 మెగా వేలంలో పది జట్లకూ ఒకే పరిమితి, తలా 120 కోట్ల రూపాయలు. ముంబై ఎంత పెద్ద నగరమైనా, హైదరాబాద్ దానికంటే ఎంత చిన్నదైనా సన్‌రైజర్స్ పర్సు ముంబై ఇండియన్స్ పర్సుతో సమానమే. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి గీత లేదు. అమెరికాలోని పెద్ద క్రీడా లీగుల్లో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ మూడింటికీ జీతాల పరిమితి ఉంది. బేస్‌బాల్‌కే లేదు. ఓ హద్దు దాటితే ‘లగ్జరీ పన్ను’ కట్టాలి, అంతే. 2025లో ఆ హద్దు 24.1 కోట్ల డాలర్లు. దాటకూడదన్న నిషేధం లేదు. కట్టే స్తోమత ఉన్నవాళ్లు దాటుకుంటూ పోవచ్చు.

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అలాగే దాటింది. 2023 డిసెంబర్‌లో షోహెయ్ ఓతానీతో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో 68 కోట్లు ఆ పదేళ్లూ గడిచాకే చెల్లించాలి. ఏడాది తర్వాత న్యూయార్క్ మెట్స్ హువాన్ సోటోకు పదిహేనేళ్లకు 76.5 కోట్లు రాసిచ్చింది. 2025 సీజన్‌కు డాడ్జర్స్ కట్టిన లగ్జరీ పన్నే దాదాపు 17 కోట్ల డాలర్లు. అదే ఏడాది పైరేట్స్ ఆటగాళ్లందరి జీతాలూ కలిపినా 10 కోట్లు దాటలేదు.

ఈ తేడా ఎక్కణ్నుంచి వస్తోంది? జాతీయ టీవీ ఒప్పందాల డబ్బును 30 జట్లూ సమానంగా పంచుకుంటాయి. తేడా అంతా స్థానిక ఆదాయంలోనే. డాడ్జర్స్‌కు సొంత ఛానల్ ఒప్పందం మీద 25 ఏళ్లలో 800 కోట్ల డాలర్లకు పైగా వస్తుంది. కోటిమంది ఉన్న ఊళ్లో ప్రకటనల ధర ఒకలా, పాతిక లక్షల మంది ఉన్న ఊళ్లో మరోలా ఉంటుంది. దీన్ని కొంత సరిదిద్దడానికి ప్రతి జట్టూ తన నికర స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి ఖాతాలో వేయాలి. ఆ మొత్తాన్ని అందరికీ సమానంగా పంచుతారు. పిట్స్‌బర్గ్ లాంటి జట్లు ఇచ్చేదాని కంటే అందుకునేదే ఎక్కువ.

‘తప్పంతా వ్యవస్థదే’ అనే వర్గానికి గట్టి ఆధారమే ఉంది. 2015లో కాన్సాస్ సిటీ రాయల్స్ గెలిచాక వరల్డ్ సిరీస్ ట్రోఫీ చిన్న ఊరి ముఖం చూడలేదు. షికాగో, హ్యూస్టన్, బోస్టన్, వాషింగ్టన్, లాస్ ఏంజెలెస్, అట్లాంటా, టెక్సాస్‌లోని డల్లాస్ ప్రాంతం... పదేళ్లూ పెద్ద ఊళ్లవే. 2024, 2025లలో వరుసగా డాడ్జర్సే గెలిచింది.

ఈ వర్గం చూపించే ఇంకో ఆధారం పిట్స్‌బర్గ్‌లోనే ఉంది. పీఎన్‌సీ పార్క్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ స్టేడియం ఉంది. ఆ జట్టు ఆరు సూపర్‌బౌల్స్ గెలిచింది. 2003 తర్వాత 2025 దాకా ఒక్క సీజన్లోనూ ఆ జట్టుకు గెలుపుల కంటే ఓటములు ఎక్కువ కాలేదు. నదికి అవతల ఐస్ హాకీ జట్టు పెంగ్విన్స్. ఐదు స్టాన్లీ కప్పులు గెలిచింది. అదే ఊరు, అదే జనాభా. జీతాలకు గీత గీసిన ఆటల్లో పిట్స్‌బర్గ్ రారాజు. గీత లేని ఆటలో మాత్రం ఆఖరి వరుస.

ఇరవై ఏళ్ల ఓటమి

పాత తరం అభిమానులను అడిగితే కథను 1992 అక్టోబర్ 14 నుంచి చెబుతారు. వరల్డ్ సిరీస్‌కు ముందరి సిరీస్‌లో అట్లాంటాతో ఆఖరిదైన ఏడో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి పైరేట్స్ 2-0తో ముందుంది. ఇంకా మూడు ఔట్లు తీస్తే వరల్డ్ సిరీస్. అట్లాంటా బ్యాటర్ ఫ్రాన్సిస్కో కబ్రేరా హిట్‌తో, అంతకుముందు పైరేట్స్‌కే ఆడిన సిడ్ బ్రీమ్ మోకాళ్ల నొప్పితోనే పరుగెత్తుకొచ్చి హోమ్ ప్లేట్ మీదకు జారాడు. కల అక్కడే చెదిరింది. ఆ చలికాలం జట్టులో అందరికంటే గొప్ప ఆటగాడు బారీ బాండ్స్, ఆరేళ్లకు 4.375 కోట్ల డాలర్ల ఒప్పందంతో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిపోయాడు.

తర్వాత 1993 నుంచి 2012 దాకా వరుసగా 20 సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. ఉత్తర అమెరికా పెద్ద క్రీడా లీగుల చరిత్రలో ఇంత పొడుగైన పరాజయ పరంపర మరో జట్టుకు లేదు. 1992లో బడిలో చేరిన పిల్లలు చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినా, సొంత ఊరి జట్టు ఒక్క మంచి సీజన్ ఆడటం చూడలేదు.

యజమాని మీద కోపానికి లెక్కల ఆధారం దొరికింది కూడా ఆ రోజుల్లోనే. 2010 ఆగస్టులో పైరేట్స్ ఆర్థిక పత్రాలు బయటికి పొక్కాయి. 2007లో 94 మ్యాచ్‌లు, 2008లో 95 మ్యాచ్‌లు ఓడిన జట్టుకు ఆ రెండేళ్లలో కలిపి 2.9 కోట్ల డాలర్లకు పైగా లాభం వచ్చినట్టు వాటిలో తేలింది. లాభం వెనుక ఆదాయ పంపకం డబ్బు ఉంది. జట్టుకు అప్పులున్నాయని, కిందిస్థాయి లీగుల్లో యువకుల మీద పెట్టుబడి పెడుతున్నామని యాజమాన్యం చెప్పింది. ఊరు నమ్మలేదు. ఓడినా లాభమే వచ్చేటప్పుడు గెలవడానికి ఎందుకు ఖర్చు పెడతారన్న ప్రశ్న ఆ రోజు పుట్టింది. ఇప్పటికీ దానికి జవాబు రాలేదు.

స్టేడియం సంగతి ఇంకో కోపం. కొత్త స్టేడియాలకు అమ్మకపు పన్ను పెంచుతామని 1997 నవంబర్‌లో ప్రజలను అడిగితే ఓటర్లు వద్దన్నారు. అయినా మరో దారిలో ప్రజాధనం సమకూర్చి పీఎన్‌సీ పార్క్ కట్టారు. 2001లో తెరిచారు. మైదానం దాటి చూస్తే నది, పసుపు రంగు రాబర్టో క్లెమెంటే వంతెన, ఆ వెనుక ఆకాశహర్మ్యాలు. అమెరికాలోని అందమైన బేస్‌బాల్ మైదానాల జాబితా ఎవరు వేసినా ఇది ముందు వరుసలో ఉంటుంది. ప్రజల డబ్బుతో ఇంత చక్కటి ఇల్లు కట్టించుకున్నవాళ్లు అందులో నాణ్యమైన జట్టును దింపాలని అడగడం అభిమానుల అత్యాశ కాదు, పన్ను కట్టినవాళ్ల హక్కు.

వెలిగిన మూడేళ్లు

2013 అక్టోబర్ 1. సిన్సినాటీతో వైల్డ్ కార్డ్ మ్యాచ్. 21 ఏళ్ల తర్వాత పిట్స్‌బర్గ్‌లో ప్లేఆఫ్ పోరు. నలుపు దుస్తుల్లో 40 వేల మందికి పైగా వచ్చారు. సిన్సినాటీ పిచర్ జానీ కుయేటో పేరును స్టేడియమంతా సాగదీసి అరుస్తోంది. ఆ హోరులో కుయేటో చేతిలోంచి బంతి జారి మట్టిలో పడింది. వెంటనే తర్వాతి బంతిని పైరేట్స్ బ్యాటర్ రస్సెల్ మార్టిన్ స్టాండ్స్‌లోకి పంపాడు. ఆ రాత్రి ఆ అరుపు విన్నవాళ్లెవరూ పిట్స్‌బర్గ్‌కు బేస్‌బాల్ మీద ప్రేమ చచ్చిపోయిందని అనలేరు. 2015లో జట్టు 98 మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఏడాది దాదాపు 25 లక్షల మంది స్టేడియానికి వచ్చారు. పీఎన్‌సీ పార్క్ చరిత్రలో అదే రికార్డు.

ఇంత వెలుగు వచ్చాక ఆ చలికాలం ఏం జరిగింది? జట్టును ఇంకో మెట్టు ఎక్కించే ఖర్చు జరగలేదు. సొంత ఊరి కుర్రాడు నీల్ వాకర్‌ను మెట్స్‌కు ఇచ్చి పిచర్ జాన్ నీస్‌ను తెచ్చుకున్నారు. సీజన్ ఆఖర్లో అద్భుతంగా ఆడిన పిచర్ జె.ఎ. హ్యాప్ మూడేళ్లకు 3.6 కోట్లకు టొరంటో వెళ్లి, మరుసటి ఏడాది 20 మ్యాచ్‌లు గెలిచాడు. నీస్ తేలిపోయాడు. 2016లో పైరేట్స్ 78 గెలుపులకు జారింది. ఓ జట్టు శిఖరం అంచున నిలబడ్డప్పుడు యజమాని చేయి కాస్త విప్పాలి. పిట్స్‌బర్గ్‌లో ఆ చేయి విప్పాల్సిన చలికాలం అదే. విప్పలేదు.

దాని ఫలితం 2018 జనవరిలో తేలింది. 13న పిచర్ గెరిట్ కోల్‌ను హ్యూస్టన్‌కు, 15న ఆండ్రూ మెక్‌కచెన్‌ను శాన్ ఫ్రాన్సిస్కోకు పంపేశారు. కోల్ 2011 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ) మొదటి ఎంపిక. మెక్‌కచెన్ 2013లో లీగ్ ఉత్తమ ఆటగాడు, ఊరికి ముద్దుబిడ్డ. జట్టును అమ్మాలంటూ ఓ అభిమాని మొదలుపెట్టిన విజ్ఞాపన మీద సంతకాలు రోజుల్లోనే యాభై వేలు దాటాయి. మరుసటి నెలలోనే ఆటగాళ్ల సంఘం పైరేట్స్‌తో పాటు టాంపా బే, మయామి, ఓక్‌లాండ్ జట్ల మీద ఫిర్యాదు చేసింది. ఆదాయ పంపకంలో వచ్చే డబ్బును మైదానంలో జట్టు బలపడటానికే వాడాలన్న నిబంధన అమలు కావడం లేదన్నది దాని సారాంశం.

లోపమంతా డబ్బుదే అనుకుంటే పొరపాటు. అదే ఏడాది జులై 31న పైరేట్స్ యాజమాన్యం ధైర్యం చేసింది. పిచర్ క్రిస్ ఆర్చర్ కోసం టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గురినీ టాంపా బే రేస్‌కు ఇచ్చేసింది. ఆర్చర్ పిట్స్‌బర్గ్‌లో రాణించలేదు. గ్లాస్నో, మెడోస్ టాంపాలో వికసించారు. టాంపా బే కూడా తక్కువ ఖర్చు జట్టే. 2020లో వరల్డ్ సిరీస్ ఆడింది. కొన్న చిన్న జట్టు నష్టపోయింది, అమ్మిన చిన్న జట్టు బాగుపడింది. ‘మనకు డబ్బు కంటే ముందు బుర్ర కావాలి’ అనే మూడో వర్గం ఈ ట్రేడ్‌ను ఈనాటికీ మర్చిపోలేదు.

సామాన్య పర్సుతో గెలిచే జట్లు

ఈ మూడో వర్గం ఎప్పుడూ చూపించేది మిల్వాకీని. మిల్వాకీ జనాభా శివార్లతో కలిపి పదహారు లక్షలలోపే, పిట్స్‌బర్గ్ కంటే తక్కువ. బ్రూయర్స్ 2024 ఫిబ్రవరిలో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన కార్బిన్ బర్న్స్‌ను ట్రేడ్ చేసింది. ఆ డిసెంబర్లో ఆఖరి ఇన్నింగ్స్ విసిరే పిచర్ డెవిన్ విలియమ్స్‌నూ పంపేసింది. అయినా 2025లో 97 మ్యాచ్‌లు గెలిచి మొత్తం లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. ఆటగాడు ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛ ఉన్నవాడు) కాకముందే మంచి ధర వచ్చేటప్పుడు ఇచ్చేయడం, బదులుగా వచ్చిన యువకులను తీర్చిదిద్దడం వాళ్ల పద్ధతి. అంత బాగా ఆడీ ఆ అక్టోబర్‌లో డాడ్జర్స్ చేతిలో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడి ఇంటిదారి పట్టింది. దాంతో మొదటి వర్గం మళ్లీ గొంతు పెంచింది.

కాన్సాస్ సిటీది ఇంకో దారి. అదీ పిట్స్‌బర్గ్ కంటే కాస్త చిన్న మార్కెట్టే. 2023లో 106 మ్యాచ్‌లు ఓడింది. ఆ చలికాలం యాజమాన్యం బీరువా తెరిచింది. సెత్ లూగో, మైకేల్ వాకా లాంటి వాళ్లను కొనడానికి 10 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. యువ తార బాబీ విట్ జూనియర్‌ను పదకొండేళ్లకు 28.87 కోట్లతో కట్టిపడేసింది. మరుసటి సీజన్లో 86 గెలుపులతో ప్లేఆఫ్స్ చేరింది. చిన్న ఊరు ఖర్చు పెట్టలేదన్న మాటకు రాయల్స్ ఇచ్చిన జవాబు ఇది.

పెద్ద పర్సు ఉన్నంత మాత్రాన గెలుస్తారన్న హామీ కూడా లేదు. 2023లో మెట్స్ అప్పటికి చరిత్రలోనే అత్యధికంగా జీతాలిచ్చి 75 మ్యాచ్‌లే గెలిచింది. సోటో వచ్చాక 2025లోనూ ప్లేఆఫ్స్ చేరలేదు. డబ్బుతో లాభం ఏమిటంటే, తప్పు చేసినా మళ్లీ కొనుక్కోవచ్చు. చిన్న జట్టుకు ఆ అవకాశం లేదు. దాని ఒక్క తప్పు నాలుగైదేళ్లు వెంటాడుతుంది.

తెలివి ఒక్కటే ఉంటే చాలదని ఓక్‌లాండ్ చెబుతుంది. 2002లో దాదాపు 4 కోట్ల డాలర్ల జీతాల బిల్లుతో 103 మ్యాచ్‌లు గెలిచి, పుస్తకానికీ సినిమాకూ కథావస్తువైన జట్టది. తర్వాత యజమాని ఖర్చు తగ్గిస్తూ పోయాడు, జనం రావడం తగ్గింది. 2023 జూన్ 13న అభిమానులు అందరూ ఒక్కసారే స్టేడియానికి వచ్చి తమ బలం చూపించారు. 27,759 మంది. చాలామంది ఒంటి మీద ‘అమ్మెయ్’ అని రాసిన ఆకుపచ్చ టీషర్టులు. జట్టు ఓక్‌లాండ్‌లో నిలవలేదు. 2025 నుంచి శాక్రమెంటోలో ఆడుతూ, లాస్ వెగాస్‌లో కొత్త స్టేడియం కోసం ఎదురుచూస్తోంది. పిట్స్‌బర్గ్ అభిమానుల నినాదంలో ఈ భయం కూడా దాగి ఉంది.

స్కీన్స్‌తో మిగిలిన సమయం

ఇప్పటి వాదన అంతా ఒకే ఆటగాడి చుట్టూ తిరుగుతోంది. పిచర్ పాల్ స్కీన్స్. 2023 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. 2024 మే 11న అరంగేట్రం. ఆ ఏడాదే మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు. 2025లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.97 పరుగులే ఇచ్చాడు. మేజర్ లీగ్‌లో అదే అత్యుత్తమం. ఏకగ్రీవంగా సై యంగ్ అవార్డు గెలిచాడు. పైరేట్స్‌కు 1990లో డగ్ డ్రాబెక్ తర్వాత ఇదే.

అంత గొప్పగా విసిరిన ఆటగాడి గెలుపోటముల లెక్క ఎంతో తెలుసా? 10 గెలుపులు, 10 ఓటములు. అతను పరుగులు ఇవ్వకుండా ఆపుతుంటే సొంత జట్టు బ్యాటర్లు పరుగులు తేలేకపోయారు. 2025లో 30 జట్లలోకెల్లా తక్కువ హోమ్ రన్లు కొట్టింది పైరేట్సే. మే 8న మేనేజర్ డెరెక్ షెల్టన్‌ను తీసేసి డాన్ కెల్లీని పెట్టారు. సీజన్ 71 గెలుపులు, 91 ఓటములతో ముగిసింది.

స్కీన్స్‌కు 2025లో జీతం 8.75 లక్షల డాలర్లు. ఓతానీ ఒప్పందాన్ని ఏడాదికి పంచితే 7 కోట్లు. బేస్‌బాల్ నిబంధనల ప్రకారం తొలి మూడేళ్లు ఆటగాడికి దాదాపుగా జట్టు ఇచ్చినంతే జీతం. తర్వాతి మూడేళ్లు మధ్యవర్తి ముందు బేరమాడుకోవచ్చు. ఆరేళ్ల సర్వీసు నిండితే ఫ్రీ ఏజెంట్. చిన్న జట్టుకు ఆ తొలి ఏళ్లే వరం. 2024లో స్కీన్స్ సీజన్ మొదలైన ఆరు వారాలకు వచ్చాడు. మామూలుగా అయితే ఆ ఏడాది పూర్తి సర్వీసుగా లెక్కకు రాదు, జట్టుకు ఓ ఏడాది కలిసొచ్చేది. కానీ యజమానులు, ఆటగాళ్ల సంఘం 2022లో చేసుకున్న ఒప్పందంలో కొత్త నిబంధన చేర్చారు. ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారికి పూర్తి ఏడాది సర్వీసు దక్కుతుంది. దాంతో స్కీన్స్ 2029 సీజన్ ముగియగానే ఫ్రీ ఏజెంట్ అవుతాడు. అంటే పిట్స్‌బర్గ్ చేతిలో ఉన్న సమయం ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కొందరు అభిమానులు ధర శిఖరాన ఉన్నప్పుడే ట్రేడ్ చేసి అరడజను మంది యువకులను తెచ్చుకోమంటారు. చాలామంది మాత్రం కోల్‌ను పంపిన గాయం మానలేదని, ఇతన్నీ పంపితే టికెట్ కొనబోమని అంటారు. జనరల్ మేనేజర్ బెన్ చెరింగ్టన్ ట్రేడ్ ఆలోచన లేదని 2025లోనే తేల్చి చెప్పారు.

పెన్ను కదిలిన చలికాలం

2025-26 చలికాలం పిట్స్‌బర్గ్‌కు కొత్తగా అనిపించింది. ఫిలడెల్ఫియా హోమ్ రన్ వీరుడు కైల్ ష్వార్బర్‌కు పైరేట్స్ నాలుగేళ్లకు 12 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వజూపినట్టు డిసెంబర్లో వార్తలొచ్చాయి. అతను ఐదేళ్లకు 15 కోట్లకు ఫిలడెల్ఫియాలోనే ఉండిపోయాడు. అప్పటికి పైరేట్స్ చరిత్రలో అతిపెద్ద ఒప్పందం 2023లో బ్రయాన్ రేనాల్డ్స్‌కు ఎనిమిదేళ్లకు ఇచ్చిన 10.675 కోట్లు. ష్వార్బర్‌కు ఇవ్వజూపిన మొత్తం దాన్ని మించింది. ‘రాడని తెలిసే అడిగారు’ అని యజమాని వ్యతిరేకులు కొట్టిపారేశారు. ‘అడగడం కూడా చూసి ఎన్నాళ్లయింది’ అని మిగతావాళ్లు సంబరపడ్డారు.

మాటలతో ఆగలేదు. టాంపా బే, హ్యూస్టన్‌లతో కలిసి మూడు జట్ల ట్రేడ్ చేసి, 2025లో 31 హోమ్ రన్లు కొట్టిన బ్రాండన్ లోవ్‌ను తెచ్చారు. బదులుగా యువ పిచర్ మైక్ బరోస్ హ్యూస్టన్ వెళ్లాడు. ఫ్రీ ఏజెంట్ రయాన్ ఓహెర్న్‌తో రెండేళ్లకు 2.9 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. బయటి ఆటగాడితో పైరేట్స్ ఒక ఏడాదికి మించి ఒప్పందం చేసుకోవడం అరుదు. ఫిబ్రవరిలో మార్సెల్ ఒజూనా 1.2 కోట్లకు వచ్చాడు. పరుగులు రాని జట్టు పరుగుల కోసమే డబ్బు పెట్టిందన్న తృప్తి అభిమానుల్లో కనిపించింది.

వాదన మాత్రం ఆగలేదు. లోవ్ ఒప్పందం 2026తో ముగుస్తుంది. ఒక్క ఏడాది కోసం చాలా ఏళ్లు చౌకగా దొరికే పిచర్‌ను వదులుకోవడం సబబేనా? పిచింగే ఈ జట్టు బలం, ఆ బలంలోంచే బ్యాటింగ్ కొనడం సరైన లెక్కేనన్నది ఒక మాట. ఏటా ఇలా చిల్లు పూడ్చుకుంటూ పోతే సొంత బ్యాటర్లు ఎప్పుడు తయారవుతారన్నది ఇంకో మాట. ఈ రెండో ప్రశ్న ముఖ్యమైనది. మిల్వాకీ గెలుస్తోంది, పిట్స్‌బర్గ్ ఓడుతోంది అంటే కారణం చెక్కు పుస్తకాల మందంలో తేడా మాత్రమే కాదు. యువ బ్యాటర్లను తీర్చిదిద్దడంలో ఉన్న తేడా అది.

జ్ఞాపకాల ఆస్తి

డబ్బు లెక్కల మధ్య ఈ ఊరికి బేస్‌బాల్ అంటే ఏమిటో మరుగున పడిపోకూడదు. 1960 అక్టోబర్ 13న బిల్ మాజెరోస్కీ కొట్టిన హోమ్ రన్‌తో పైరేట్స్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆనాటి ఫోర్బ్స్ ఫీల్డ్ కూల్చేశారు. దాని గోడ కొంత మాత్రం విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కన మిగిలింది. 1980ల నుంచి ఏటా అదే తేదీన అభిమానులు ఆ గోడ దగ్గర చేరి, ఆ మ్యాచ్ రేడియో రికార్డింగ్‌ను మొదటి నుంచి చివరి దాకా వింటారు. మడత కుర్చీలు తెచ్చుకుని వచ్చిన తాతలు, పక్కన మనవలు. ఫలితం అందరికీ తెలుసు. అయినా మాజెరోస్కీ బ్యాట్ ఊపగానే చప్పట్లు మోగుతాయి.

అందుకే 2025 ఏప్రిల్‌లో జరిగిన రెండు సంగతులు ఊరిని అంత గాయపరిచాయి. కుడివైపు గోడ మీద రాబర్టో క్లెమెంటే నంబర్ 21 గుర్తు తీసేసి మద్యం కంపెనీ ప్రకటన పెట్టారు. నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమాన ప్రమాదంలో చనిపోయిన మహా ఆటగాడు క్లెమెంటే. విమర్శలు రేగాక ఆ గుర్తును తిరిగి పెట్టారు. అదే సమయంలో, స్టేడియం కట్టేటప్పుడు అభిమానులు డబ్బు కట్టి తమవాళ్ల పేర్లు చెక్కించిన ఇటుకలు రీసైక్లింగ్ యార్డులో కుప్పగా పడి ఉన్న ఫొటోలు బయటికొచ్చాయి. వాటిలో చనిపోయిన అమ్మానాన్నల పేర్లూ ఉన్నాయి. మరమ్మతుల కోసం తీశామని, వాటి నకళ్లు ఇస్తామని జట్టు చెప్పింది. జీతాల బిల్లు మీద కోపాన్ని తట్టుకున్న అభిమానం ఆ ఇటుకల దగ్గర కదిలిపోయింది.

ఈ జట్టుకు మన దేశంతోనూ చిన్న బంధం ఉంది. ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో 2008లో ఒప్పందం చేసుకుని, అమెరికా వృత్తి బేస్‌బాల్‌లోకి తొలి భారతీయులను తెచ్చింది పైరేట్సే. ఆ కథతోనే 2014లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ సినిమా వచ్చింది.

ముందున్న తేదీ

యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. జీతాలకు గరిష్ఠ పరిమితి కావాలని చాలామంది యజమానులు కోరుకుంటున్నారు. పరిమితి అంటే ఆటగాళ్ల సంపాదనకు కోత అని సంఘం ఏనాటి నుంచో వ్యతిరేకిస్తోంది. ఈ గొడవ మీదే 1994లో సమ్మె జరిగి వరల్డ్ సిరీస్ రద్దయింది. 2021 డిసెంబర్‌లో యజమానులు విధించిన లాకౌట్ 99 రోజులు సాగింది. మళ్లీ అలాంటి రోజులు వస్తాయేమోనన్న భయం అన్ని ఊళ్లలోనూ ఉంది.

గరిష్ఠ పరిమితి మాత్రమే గీస్తే డాడ్జర్స్ కొంత తగ్గుతుంది, యజమానుల లాభం పెరుగుతుంది. పిట్స్‌బర్గ్ జట్టు దానంతటదే బాగుపడదు. కనిష్ఠ పరిమితి కూడా ఉండాలి. ఆదాయ పంపకం కింద ఎంత అందుకున్నారో, అందులో ఆటగాళ్ల మీద ఎంత ఖర్చు చేశారో ఏటా బహిరంగంగా ప్రకటించాలి. స్థానిక టీవీ డబ్బులో ఇంకా పెద్ద వాటా ఉమ్మడి ఖాతాలోకి రావాలి. ఇవి మూడూ కలిస్తేనే ‘మాది చిన్న ఊరు’ అన్న మాటలో నిజమెంతో, సాకు ఎంతో తేలుతుంది.

ఇప్పటికైతే తీర్పు ఇది. వ్యవస్థ వంకరగా ఉందన్న మొదటి వర్గం మాట నిజం. కానీ అదే వంకర వ్యవస్థలో మిల్వాకీ గెలుస్తోంది, కాన్సాస్ సిటీ నిలబడింది. కాబట్టి పిట్స్‌బర్గ్ పదేళ్ల వైఫల్యంలో పెద్ద వాటా యాజమాన్యానిదే. 2015లో విప్పని చేతిని 2026 చలికాలంలో విప్పాలి. స్కీన్స్‌కు పెద్ద ఒప్పందం ఇవ్వజూపాలి. కుదరకపోతే, అతను ఉన్న ఈ కొద్ది సీజన్లలో అతని వెనుక పరుగులు తీయగల జట్టును నిలబెట్టాలి. 2029 అక్టోబర్ తర్వాత అతన్ని ఆపే హక్కు పిట్స్‌బర్గ్‌కు ఉండదు.